పేజ్‌మేకర్ ఒక వాటాలో, ఇంటర్నెట్ ఇంకో వాటాలో: ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ పెట్టుకోవడం ఎలా

మా బావకి విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ పత్రికలు, సిరిమానోత్సవం వస్తోందంటే ఫ్లెక్సీ డిజైన్లు. తెలుగు పనంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతోనే. ఈ జంట విండోస్ గడప దాటి రాదు. పోనీ విండోస్‌లోనే ఉండిపోదామంటే షాపులో ఉన్నది విండోస్ 10. దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ కూడా అడుగుతుంది. బావ ల్యాప్‌టాప్ ఆరో తరం. అదే ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పని, పిల్లల హాల్‌టికెట్ల ప్రింట్లు, ఎవరెవరో పెన్‌డ్రైవ్‌లలో మోసుకొచ్చే ఫైళ్లు.

అందుకని విండోస్‌ని ఉన్నచోటే ఉంచి పక్కన లినక్స్ మింట్ వేశాం. ఇదీ విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే, ఉచితం. కార్డు పని వస్తే విండోస్, నెట్ పనంతా మింట్. కంప్యూటర్ ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. రెండు వాటాల ఇల్లు అనుకోండి. మధ్యలో గోడ ఉంటుంది, ముందు వరండా మాత్రం ఇద్దరికీ ఒకటే.

మింట్ ఎక్కించడానికి పట్టేది ఇరవై నిమిషాలు, అరగంట. దానికి ముందు చేసే పనులకి ఒక పూట పడుతుంది. చాలామంది ఆ పూటని ఎగ్గొట్టి ఆ అరగంటలో దెబ్బ తింటారు. నేనూ తిన్నాను.

ముందు బ్యాకప్. వాదన లేదు

కొన్నేళ్ల కిందట ఇదే షాపులో పాత డెస్క్‌టాప్‌కి ఇదే పని చేశాను. బ్యాకప్ తీసుకోలేదు. డీ డ్రైవ్‌ని కుదించే పనిని లినక్స్ ఇన్‌స్టాలర్‌కే అప్పగించి టీకి వెళ్లాను. అప్పుడు కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది కదా అనుకున్నాం. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందని ఆ రోజే తెలిసింది. మళ్లీ ఆన్ చేస్తే డీ డ్రైవ్ లేదు.

ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫోటోలు చాలావరకు వెనక్కి తెచ్చాను. కానీ అది ఫైల్‌ని తెస్తుంది గానీ పేరుని తేదు. ప్రతి ఫోటోకీ ఎఫ్ అనే అక్షరం, దాని పక్కన ఓ బారెడు అంకెలు. పెళ్లికొడుకుల ఫోటోలు, పెద్దకర్మ కార్డుల ఫోటోలు, మా మేనల్లుడి మొదటి పుట్టినరోజు ఫోటోలు, అన్నీ కలిసిపోయి వేలల్లో. బావ కాసేపు చూసి ఒక్కటే అడిగాడు: "పేర్లేవిరా?" ఆ వేసవంతా మా అప్ప ఒక్కో ఫోటో తెరిచి, ఎవరిదో గుర్తుపట్టి, పేరు పెట్టుకుంటూ కూర్చుంది.

కాబట్టి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, డీ డ్రైవ్ మొత్తం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. పేజ్‌మేకర్, అను, ప్రింటర్ డ్రైవర్ల సెటప్ ఫైళ్లు ఉంటే అవీ. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

పని ఎప్పుడు పెట్టుకోవాలన్నది కూడా ఆలోచించండి. శుభలేఖల షాపు అయితే ఆషాఢం బాగుంటుంది, పెళ్లిళ్లు ఉండవు, ఎవరూ తొందరపెట్టరు. ల్యాప్‌టాప్ బ్యాటరీ అరగంట కూడా నిలవకపోతే ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూర్చుని చేయండి.

మీ కంప్యూటర్ ఏ రకమో చూడండి

స్టార్ట్ మెనూలో "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" అని వెతికి తెరవండి. కుడివైపు "బయోస్ మోడ్" అనే వరుస ఉంటుంది. (బయోస్ అంటే విండోస్ కన్నా ముందు లేచి, దాన్ని లేపే ప్రోగ్రామ్.) అక్కడ "యూఈఎఫ్ఐ" (కొత్త పద్ధతి) అని ఉంటే హాయి. "లెగసీ" (పాత పద్ధతి) అని ఉంటే కాస్త జాగ్రత్త. విండోస్ ఏ మోడ్‌లో ఉందో లినక్స్‌ని కూడా అదే మోడ్‌లో వేయాలి. ఒకటి యూఈఎఫ్ఐ, ఇంకోటి లెగసీ అయితే రెండూ డిస్క్‌లో భద్రంగానే ఉంటాయి కానీ ఒకే మెనూలో కనిపించవు.

లెగసీ మోడ్‌లో ఉన్న డిస్క్‌లు ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ముక్కలు చేసి ఉంటాయి. వాటిలో ప్రైమరీ పార్టిషన్లు, అంటే ప్రధాన ముక్కలు, నాలుగే పడతాయి. పాత బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లలో సిస్టమ్, సీ, రికవరీ, టూల్స్ అని కంపెనీవాళ్లే నాలుగూ నింపేసి ఇచ్చేవారు. అలాంటి దాంట్లో ఖాళీ చేసి ఐదోది సృష్టించబోతే, డిస్క్‌ని "డైనమిక్"గా మార్చమంటారా అని విండోస్ అడుగుతుంది. "నో" అనండి. "యస్" అంటే లినక్స్ దారి మూసుకుపోయినట్టే, వెనక్కి తిప్పడం పెద్ద తలనొప్పి. నాలుగూ నిండి ఉంటే టూల్స్ లాంటి చిన్న పార్టిషన్‌ని బ్యాకప్ తీసి తొలగించాలి, లేదా లినక్స్‌కి వేరే ఎస్ఎస్‌డీ కొనాలి. నన్నడిగితే ఎస్ఎస్‌డీయే మేలంటాను.

విండోస్‌లో రెండు స్విచ్‌లు

మొదటిది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే మీరు షట్ డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు. సగం నిద్రలోకి వెళ్లి, తన స్థితిని డిస్క్‌లో రాసుకుని ఉంటుంది. ఆ సమయంలో లినక్స్ నుంచి డీ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు, ఒక్కోసారి అసలు తెరుచుకోదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లండి. ఎడమవైపు పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు ఉంటుంది, దాన్ని నొక్కండి. తర్వాతి పేజీలో పైన, ఇప్పుడు మార్చడానికి వీల్లేని సెట్టింగులను మార్చే లింకు ఉంటుంది, అదీ నొక్కితేనే కింద టిక్కులు కదులుతాయి. "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" టిక్కు తీసేసి సేవ్ చేయండి.

రెండోది బిట్‌లాకర్, లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్. డిస్క్‌లోని ఫైళ్లకి తాళం వేసి ఉంచేది. పాత ల్యాప్‌టాప్‌లలో ఇది తక్కువ. ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలకి కొన్న కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మాత్రం మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. బూట్ సెట్టింగులు మారగానే విండోస్ నీలం తెర చూపించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. అకౌంట్ తెరిచి కీని కాగితం మీద రాసుకున్నాకే మిగతా పని. ఆ అకౌంట్ షాపువాడు పెట్టిన ఈమెయిల్‌తో ఉందా, పాస్‌వర్డ్ మీకు గుర్తుందా, అన్నీ ఈ దశలోనే తేల్చుకోండి. ఎన్‌క్రిప్షన్‌ని సెట్టింగ్స్‌లో ఆపేసి, డిస్క్ అంతా డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగితే ఇంకా మంచిది.

గోడ కట్టడం

కొలతలు తప్పకుండా చేయాల్సిన పని ఇది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి "డిస్క్ మేనేజ్‌మెంట్" తెరవండి. కింది సగంలో డిస్క్ 0, డిస్క్ 1 అని వరుసలు, ఒక్కో వరుసలో గళ్లు. ఒక్కో గడి ఒక్కో పార్టిషన్. మొదట్లో చిన్న గడి, 100 ఎంబీదో 260 ఎంబీదో, "ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్" అని రాసి ఉంటుంది. ఉమ్మడి వరండా అదే. రెండు సిస్టమ్‌ల తాళాలూ అక్కడే వేలాడుతుంటాయి. దాన్ని తొలగించకూడదు, ఫార్మాట్ చేయకూడదు.

మన ఊళ్లలో కంప్యూటర్ కొంటే షాపువాళ్లు సీ, డీ, ఈ అని ముక్కలు చేసే ఇస్తారు. అది ఇక్కడ కలిసొస్తుంది. సీ జోలికి పోకుండా, ఖాళీ ఎక్కువున్న డీ మీద రైట్ క్లిక్ చేసి "ష్రింక్ వాల్యూమ్" నొక్కండి. కాసేపు లెక్క చూసుకుని చిన్న పెట్టె తెరుస్తుంది. పైన మొత్తం సైజు, దాని కింద ఎంతవరకు కుదించవచ్చో, మూడో గడిలో ఎంత కుదించాలో. మీరు నింపాల్సింది ఆ మూడో గడి ఒక్కటే. అంకె ఎంబీల్లో ఉంటుంది. 60 జీబీ కావాలంటే 60ని 1024తో గుణించి 61440 అని వేయాలి. 60 అని వేసి నొక్కేసి 60 ఎంబీ ఖాళీ చేసుకున్నవాళ్లని చూశాను.

మింట్‌కి కనీసం 20 జీబీ చాలు, 100 ఉంటే మంచిదని వాళ్లే చెబుతారు. బావకి 60 ఇచ్చాను, ఆయన ఫైళ్లన్నీ ఎలాగూ డీలోనే ఉంటాయి కాబట్టి.

మీకు సీ ఒక్కటే ఉంటే దాన్నే కుదించాలి. వంద జీబీ ఖాళీ ఉన్నా విండోస్ పది జీబీయే ఇస్తానంటుంది ఒక్కోసారి. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రీస్టోర్ పాయింట్ల లాంటి కదలని ఫైళ్లు డిస్క్ మధ్యలో పాతుకుపోయి ఉంటాయి. ఈ మూడింటినీ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే చాలాసార్లు గోడ ముందుకు జరుగుతుంది. పనయ్యాక మళ్లీ ఆన్ చేసుకోండి.

కుదించాక నల్ల గీతతో "అన్‌అలొకేటెడ్" అనే గడి వస్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. దానికి అక్షరం ఇవ్వడం, కొత్త వాల్యూమ్ చేయడం, ఏదీ వద్దు. తర్వాత ఒకసారి రీస్టార్ట్ చేసి, విండోస్ మామూలుగా వస్తోందా, డీలో ఫైళ్లు తెరుచుకుంటున్నాయా చూడండి.

పెన్‌డ్రైవ్

8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులో ఉన్నదంతా పోతుంది. లినక్స్ మింట్ సైట్ నుంచి ఐఎస్ఓ ఫైలు (మింట్ మొత్తం ఒకే ఫైలుగా) దించుకోండి, మూడు జీబీకి అటూ ఇటూ ఉంటుంది. 22వ సిరీస్ అయితే 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. సిన్నమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రకాలుంటాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి. అది కొంచెం పాతగా కనిపిస్తుంది, బావకి నిజానికి అదే నచ్చింది.

ఐఎస్ఓని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే రూఫస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ తెరిచి, పెన్‌డ్రైవ్‌ని, ఐఎస్ఓని ఎంచుకోండి. ఐఎస్ఓ పేరు పక్కన చిన్న టిక్కు గుర్తు బటన్ ఉంటుంది, అది ఫైల్ చెక్‌సమ్, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి అక్షరాల వరస, లెక్కగట్టి చూపిస్తుంది. మింట్ సైట్‌లో ఇచ్చిన ఎస్‌హెచ్ఏ256తో మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు సరిపోల్చుకున్నా, సగంలో తెగిపోయిన డౌన్‌లోడ్ అయితే పట్టుబడుతుంది. పార్టిషన్ స్కీమ్ దగ్గర యూఈఎఫ్ఐ వాళ్లు జీపీటీ, లెగసీ వాళ్లు ఎంబీఆర్. ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని అడిగితే ఐఎస్ఓ మోడ్ ఉంచి, స్టార్ట్ నొక్కండి.

పెన్‌డ్రైవ్ నుంచి లేపడం

పెన్‌డ్రైవ్ పెట్టి, ఆఫ్ చేసి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీని టకటకా కొడుతూ ఉండండి. డెల్, లెనోవోలో ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ కొట్టి ఎఫ్9. ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12, కానీ చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఆ మెనూని ఎనేబుల్ చేయాలి. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌ని లేవనివ్వని రక్షణ) ఆపక్కర్లేదు, మింట్ దానితోనే లేస్తుంది.

మింట్ డెస్క్‌టాప్ వచ్చాక వెంటనే ఇన్‌స్టాల్ ఐకాన్ మీద పడకండి. ఇది ఇంకా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తోంది, మీ డిస్క్‌లో ఏమీ మారలేదు. వైఫై దొరుకుతోందా, పాట వినిపిస్తోందా, టచ్‌ప్యాడ్ పనిచేస్తోందా చూడండి. ప్రింటర్ తగిలించి ఒక పేజీ కొట్టండి. వైఫై కనిపించకపోతే ఫోన్‌ని డేటా కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. తర్వాత డ్రైవర్ మేనేజర్ వైఫై సంగతి చూసుకుంటుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఒక తిరకాసు ఉంది: ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించకపోవచ్చు. బయోస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎమ్‌డీ మోడ్‌లో ఉండటం దానికి కారణం. దాన్ని నేరుగా లినక్స్ చదవగలిగే ఏహెచ్‌సీఐ మోడ్‌కి మార్చేస్తే విండోస్ లేవదు. ముందు విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి సేఫ్ బూట్ టిక్కు పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌కి వెళ్లి మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి విండోస్‌ని లేపి, ఆ టిక్కు తీసేయాలి.

ఇన్‌స్టాల్

భాష, కీబోర్డు, కోడెక్‌లు అడుగుతుంది. పాటలు, వీడియోలు ఆడటానికి కావాల్సినవి ఈ కోడెక్‌లే, వాటికి టిక్కు పెట్టండి. సెక్యూర్ బూట్ ఉంటే అక్కడ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, దాన్ని రాసుకోండి. తర్వాత రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి "ఎన్‌రోల్ మాక్" అని అడిగినప్పుడు అదే ఇవ్వాలి.

ఆ తర్వాత వచ్చే పేజీ దగ్గర చేతులు మౌస్ మీంచి తీసి ఒకసారి చదవండి. విండోస్ పక్కన వేయమంటారా, డిస్క్ మొత్తం చెరిపేయమంటారా, ఇంకేదైనానా అని మూడు దారులు. రెండోది "ఎరేజ్ డిస్క్". దాంట్లో "డిస్క్" అంటే సీ ఒక్కటే కాదు, డీ, ఈ, రికవరీ అన్నీ. నేను మూడోది, "సమ్‌థింగ్ ఎల్స్" ఎంచుకుంటాను, ఏం జరుగుతోందో కళ్లకి కనబడుతుంది కాబట్టి.

అక్కడ సీ, డీ అనే పేర్లు ఉండవు. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 అనో, ఎన్‌వీఎమ్ఈ అనో ఉంటాయి. పేర్లు పట్టించుకోకండి, సైజులు చూడండి. మీరు ఖాళీ చేసిన 60 జీబీ "ఫ్రీ స్పేస్" అని కనిపిస్తుంది. (ఇక్కడి లెక్క వెయ్యితో కాబట్టి 64 వేల చిల్లర ఎంబీలు అని ఉంటే కంగారుపడకండి, అదే ఇది.) దాన్ని ఎంచుకుని ప్లస్ గుర్తు నొక్కండి. రకం ఎక్స్‌ట్4, మౌంట్ పాయింట్ దగ్గర ఒక్క స్లాష్ గీత (/). అంతే. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు) వేరే పార్టిషన్ అక్కర్లేదు, మింట్ దాన్ని ఫైలుగా చేసుకుంటుంది. ఈఎఫ్ఐ వరుసలో ఫార్మాట్ టిక్కు లేదని చూసుకోండి.

"ఇన్‌స్టాల్ నౌ" నొక్కితే, ఏయే పార్టిషన్లు మారబోతున్నాయో చివరిసారిగా జాబితా చూపిస్తుంది. అందులో మీరు చేసిన ఎక్స్‌ట్4 ఒక్కటే ఫార్మాట్ అవుతున్నట్టు ఉండాలి. ఇంకేదైనా కనిపిస్తే వెనక్కి రండి. టైమ్ జోన్‌లో కోల్‌కతా వస్తుంది, మన టైమే. పాస్‌వర్డ్ పెట్టి, అయ్యేదాకా కూర్చోండి. టీకి వెళ్లకండి.

లేచాక

రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద ఏది కావాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. మింట్, విండోస్ రెండూ ఉంటాయి. రెండింటినీ ఒక్కోసారి లేపి చూడండి.

మెనూ రాకుండా నేరుగా విండోస్ వచ్చేస్తే మింట్ పోలేదు. బయోస్‌లో బూట్ ఆర్డర్ మారితే చాలు. ఇక్కడ చాలామంది తికమకపడతారు: ఆ జాబితాలో "మింట్" అని ఉండదు, "ఉబుంటు" అని ఉంటుంది. మింట్ దాని మీదే కట్టింది. ఆ పేరుని పైకి జరపండి. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత మళ్లీ ఇలా జరగొచ్చు, మళ్లీ ఇదే మందు.

మింట్ నుంచి విండోస్‌లోకి వచ్చినప్పుడు గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోవచ్చు. పదిన్నరకి షాపు తీస్తే కంప్యూటర్ తెల్లవారి ఐదంటుంది. కంప్యూటర్ లోపలి గడియారాన్ని విండోస్ మన టైమ్‌గా చదువుతుంది, లినక్స్ గ్రీనిచ్ టైమ్‌గా చదువుతుంది. మింట్ టెర్మినల్‌లో "timedatectl set-local-rtc 1" అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. గొడవ తీరుతుంది.

మింట్‌లో తెలుగు టైప్ చేయాలంటే కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ కలుపుకోవచ్చు. డీటీపీవాళ్ల ఆపిల్ లేఅవుట్ చేతికి పట్టేసి ఉంటే ఐబస్, ఎమ్17ఎన్ ప్యాకేజీలు వేసుకుంటే అదీ దొరుకుతుంది. వచ్చేది మాత్రం యూనికోడ్ తెలుగు. అను ఫాంట్ల కోడ్ వేరు, కాబట్టి దాన్ని అలాగే తీసుకెళ్లి పేజ్‌మేకర్‌లో పెడితే పిచ్చి గీతలే.

ఎప్పుడైనా మింట్ వద్దనుకుంటే ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి, ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ గడి తొలగించండి. లెగసీ మెషీన్‌లో అయితే ముందు విండోస్ రిపేర్ పెన్‌డ్రైవ్ చేసుకోండి. గ్రబ్ మిగతా భాగం ఆ తీసేసిన గడిలోనే ఉంటుంది కాబట్టి, అది పోయాక కంప్యూటర్ రెండిట్లో దేనికీ లేవదు.

మింట్ పెన్‌డ్రైవ్‌ని ఇంకో పనికి వాడేయకండి. రేపు ఏ సిస్టమూ లేవకపోతే, దాంతో బూట్ చేసి ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. మా అప్ప దాని మీద స్కెచ్ పెన్‌తో "ముట్టుకోవద్దు" అని రాసి, కౌంటర్ సొరుగులో రబ్బరు స్టాంపుల డబ్బాలో పెట్టింది.